రేకు బోర్డు మీద మాట

నాలుగు చినుకులు పడితే చాలు, గాజువాకలో మా ఫ్లాట్ బాల్కనీలోంచి తడి ఇనుము, సుద్ద కలిసిన వాసన లోపలికి వస్తుంది. అక్కడ గోడకి ఆనించి ఉన్న నల్ల రేకుని పారెయ్యమని మా ఆయన అడగని నెల లేదు. నేను పారెయ్యను.

అది మా నాన్న పాత ఇనుప కొట్లో కొని, నల్లరంగు వేసి చేసిన బోర్డు. గోదావరి వైపు నుంచి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికొచ్చి కూర్మన్నపాలెంలో కాపురం పెట్టిన మా నాన్నకి, స్వాతంత్ర్యం రోజుల నాటి ఒక నాయకుడంటే ప్రాణం. ఆదివారం పొద్దున్నే, షిఫ్ట్ దిగొచ్చిన నిద్రకళ్ళతోనే, ఆ పెద్దాయన మాటొకటి బోర్డు మీద రాసి, చుట్టుపక్కల పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టేవారు. ఉప్పుగాలికి ఒంటి మీద చెమట ఆరని ఎండాకాలంలోనూ, సుద్ద మెత్తబడి అక్షరం పడని ముసురులోనూ ఆ బడి ఆగలేదు. కింద పెద్దాయన పేరు మాత్రం రాసేవారు కాదు. పేరు కనబడితే దణ్ణం పెట్టేసి మాట వదిలేస్తారని ఆయన అనుమానం. అందుకే నేనూ ఇక్కడ రాయడం లేదు. పైగా ఆ మాటని అప్పజెపితే ఒప్పుకునేవారు కాదు; ఎవరింటి భాషలో వాళ్ళు, తమ ఇంట్లో జరిగిన సంగతితో కలిపి చెప్పాలి. చెప్పినవాళ్ళకి అమ్మ నెయ్యి ఓడే సున్నుండ పెట్టేది.

నాకదే ఒళ్ళుమంట. బట్టీ పట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని నా గర్వం, తీరా మా ఇంట్లోనే అది చెల్లేది కాదు.

వచ్చేవాళ్ళలో నూకరత్నం నా ఈడుది. హార్బర్ నుంచి చేపల గంపతో బస్సులో వచ్చే వాళ్ళమ్మ, వీధులన్నీ తిరిగి అమ్ముకునేదాకా దాన్ని మా వరండాలో వదిలేది. గచ్చకాయల ఆటలో దాని మీద నేను గెలిచిన పాపాన పోలేదు.

ఒక ఏడాది ఆ పెద్దాయన జయంతికి కాలనీ హాల్లో పిల్లలకి ఉపన్యాసాల పోటీ పెట్టారు. మనిషిని మనిషి తక్కువ చెయ్యకూడదన్న ఆయన మాటే విషయం. నేను పుస్తకాల తెలుగులో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. తర్వాత నూకరత్నం లేచింది.

"మాయమ్మ గంపట్టుకొని బస్సెక్కితే అందరూ ముక్కు మూసుకుంతారు. మాయమ్మకీ ముక్కుంది. ఆల్లు అలాగ మూసుకుంతే మాయమ్మ సూత్తాది గదా," అంది.

హాలు గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అది నావైపే చూసింది. అప్పుడైనా నవ్వు ఆపి ఉంటే బావుండేది, ఆపలేదు. మొదటి బహుమతి, స్టీలు క్యారేజీ, నాకే వచ్చింది.

ఇంటికెళ్ళే దారిలో నాన్న ఒక్క మాటే అన్నారు. "ఆయన మాట నువ్వు బాగానే చెప్పేవమ్మా. విన్నది మాత్రం ఆ పిల్లే."

తర్వాతి ఆదివారం నూకరత్నం రాలేదు. వాళ్ళమ్మని అడిగితే, "రానంతందమ్మా, ఏటి సెయ్యను" అని గంప ఎత్తుకుంది. దానికోసం సున్నుండ డబ్బాలో దాచి వారాల తరబడి గుమ్మంలో కాచుకున్నాను. తప్పయిపోయిందని చెప్పడానికి, నా బుద్ధి పోనిచ్చుకోకుండా, చక్కటి మాటలు బట్టీ కూడా పట్టాను. కొన్నాళ్ళకి వాళ్ళమ్మ కూడా మా వీధికి రావడం మానేసింది.

ఇప్పుడా వరండా లేదు, వీధిలో చేపల కేక లేదు, నాన్న లేరు. పెద్దాయన మాటలు పొద్దున్నే పువ్వుల బొమ్మ మీద ఫోన్లోకి వస్తాయి. చదవకుండానే పదిమందికీ పంపేస్తాం. మొన్న మా అమ్మాయి, స్కూల్లో ఆయన మీదే పోటీ అని, "మమ్మీ, మంచి స్పీచొకటి రాసివ్వు" అంది. నాన్న పద్ధతి చెప్పాను. ఎలాగో చెప్పి చూపించమంది. నూకరత్నం సంగతి, నా నవ్వుతో సహా, చెప్పాను.

"మరి సారీ చెప్పావా?"

"లేదే."

నాకు సిగ్గేసింది. బాల్కనీలోకెళ్ళి రేకుని తడిగుడ్డతో తుడిచి, ఇన్నేళ్ళకి సుద్ద పట్టుకున్నాను. నాన్న పెద్దాయన మాటలు తప్ప ఇంకోటి రాయని బోర్డు మీద "మాయమ్మకీ ముక్కుంది" అని రాశాను. కింద నూకరత్నం పేరు కూడా రాశాను.