నిలబెట్టి తీసిన ఎక్స్‌రే

మొన్న మనవరాలి బడికి ఫొటో కావాలంటే స్టూడియోకి తీసుకెళ్ళాను. ఫొటోగ్రాఫరు డార్క్‌రూము తలుపు తీయగానే ఫిల్ములు కడిగే హైపో ఘాటు ముక్కుకి కొట్టింది. పాతికేళ్ళ వయసులో ఆ వాసన మధ్యే నేను కుంటికాలి మీద నిలబడ్డాను. డాక్టర్ కాత్యాయని గారు గుర్తొచ్చారు, ఆవిడతో పాటే నా కోపమూ వచ్చింది. నలభై ఏళ్ళయినా అది చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

అప్పట్లో పటమటలో మాది మగ్గాల ఇల్లు. కాలువ రేవులో జారిపడ్డ దగ్గర్నుంచి, బరువు వేస్తే చాలు, నా కుడి మోకాలు లోపలికి ఒరిగిపోయేది. మగ్గం గుంటలో కూర్చుని తొక్కుడు పలక నొక్కబోతే ప్రాణం పోయినట్టుండేది. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించారు. కోడలు మగవాళ్ళ ముందు కాలు చూపిస్తూ నిలబడటమేమిటని మా అత్తయ్య పట్టుబట్టడంతో, బల్ల మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి తీశారు. ఆ డాక్టరు ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, "ఎముకలు రాయిలా ఉన్నాయి, జబ్బేమీ లేదు" అన్నాడు. ఆ రోజు నుంచి నేను పనిదొంగని. నొప్పి అన్నప్పుడల్లా అత్తయ్య, "ఫొటో అబద్ధం చెబుతుందా?" అనేది. మా ఆయన నోరు మెదిపేవారు కాదు. ఏడాది తిరక్కుండా ఆయనకి రెండో సంబంధం చూడటం మొదలుపెట్టారు. ఆ పిల్ల మగ్గం తొక్కగలదా అని నా ఎదుటే ఆరా తీశారు.

మాటలు ఖాయం కాకముందు ఒక్కసారి లేడీ డాక్టరుకి చూపించమని మొండికేశాను. బెజవాడలో కాత్యాయని గారు కొత్తగా ఆసుపత్రి పెట్టారు. పొట్టిగా ఉండేవారు, గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. పాత ఫిల్ము చూసి, "దీన్నెలా తీశారు?" అని నన్నడిగారు.

"పడుకోబెట్టి తీశారండి."

"నువ్వు పడుకుని నడుస్తావా?"

"లేదండి."

"మరి పడుకున్న కాలిని చూసి నీ నడకకి తీర్పు చెప్పిన మహానుభావుడెవరు?"

అత్తయ్య ఏదో అనబోయింది. "మగవాళ్ళెవరూ ఉండరు, మీ అబ్బాయిని కూడా బయట కూర్చోమనండి" అని కాత్యాయని గారు తలుపు వేశారు. మిషన్ తలని అడ్డంగా తిప్పి, స్టూలు మీద నా మోకాలి వెనక ఫిల్ము పలక నిలబెట్టారు. "బరువంతా ఆ కాలి మీదే వెయ్యి. పడితే నేను పట్టుకుంటా" అన్నారు. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. తరవాత చీకటి గదిలో, ఎముకలు కదులుతూ కనపడే మెరిసే తెర వెనక నా చేత మోకాలు వంచించారు. కింది ఎముక పక్కకి జారడం అత్తయ్య కూడా చూసింది.

ఫిల్ము కడిగి ఆరాక ఆవిడ తొడ ఎముక వెంట ఒక గీత, కాలి ఎముక వెంట ఒక గీత గీసి, బడిపిల్లల కోణమానినితో వంకర కొలిచారు. కీలు ఒక పక్క నోరు తెరుచుకుని ఉంది. "ఎముకల్ని పట్టి ఉంచే కట్టు తెగింది. దీనితో మగ్గం తొక్కించారు" అన్నారు.

లోపలికి పిలిస్తే మా ఆయన వచ్చి చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ముందే చెప్పొచ్చు కదే" అన్నారు నాతో.

"ఏడాదిగా ఆ పిల్ల ఏం చెబుతోంది బాబూ?" అన్నారు డాక్టరు గారు.

రెండో పెళ్ళి ఆగిపోయింది. తోలూ ఇనప కమ్ములూ పెట్టిన పట్టీ కట్టుకుని, గుంట మానేసి, నూలు చుట్టే పనిలోకి మారాను. అందరూ కథ సుఖాంతమన్నారు. నేనూ కాత్యాయని గారికి చేతులెత్తి దణ్ణం పెట్టాను, నన్ను కాపాడారని. ఆవిడకి ఒళ్ళు మండింది. "నువ్వు చెప్పిందే నేను గీతలు గీసి చూపించాను. ఒట్టి నీ మాట వీళ్ళకెందుకు చాల్లేదో అది అడుగు" అన్నారు.

అడగలేదు. అత్తయ్య పోయింది. మా ఆయన చివరిదాకా నన్ను బాగానే చూసుకున్నారు. మంచాన పడ్డాక ఒకరోజు, "ఇన్నేళ్ళూ నాతో మనసు విప్పి ఒక్క మాటా చెప్పలేదేం?" అని అడిగారు.

"చెబితే నమ్మేవారా?" అన్నాను.

పోయే మనిషితో అలాగేనా మాట్లాడటం అని మా అమ్మాయి చాటుగా కేకలేసింది. వేస్తే వెయ్యనీ. ఆ మాటకి నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.