ఆగమని చెప్పే కణాలు

మా పక్కింటి సైన్సు సారు మొన్న మంగళవారం పొద్దున దవాఖానకు చేరేలోపే పోయారు. రిటైరయ్యాక కూడా మా వీధి పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన మనిషి. ఏడుపు కన్నా ముందు నాకు కోపం వస్తోంది. ఆయన మీదా, నా మీదా.

మా మనవరాలికి ఫిట్స్ వస్తాయి. మొదటిసారి పడిపోయినప్పుడు అందరిలాగే నేనూ దాని గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టాను. గొడవ విని వచ్చిన సారు గుత్తిని లాగి పడేసి, పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టారు. అది తేరుకున్నాక నన్ను కూర్చోబెట్టి చెయ్యి ముడవమన్నారు.

"ముందు కండ గట్టిపడ్డదా? వెనక కండ మెత్తగున్నది చూడు. దాన్ని నరాలు ఆగమన్నయి గాబట్టే చెయ్యి ముడుచుకున్నది. మెదడుల ఉరికించే కణాలుంటయి, ఆగమనే కణాలుంటయి. ఆగమనే మాట బలం తగ్గితే అన్నీ ఒక్కసారే ఉరుకుతయి. తాళంచెవి వాటికేం చెప్తదక్కా?"

మనవరాలి మాత్ర ఆ ఆగమనే మాటకే బలమిస్తుందని, ఒక్క పూట కూడా తప్పొద్దని చెప్పారు. ఫిట్స్ ఎన్ని నిమిషాలున్నాయో నోట్‌బుక్కులో రాసి చూపిస్తే "సెకండ్లేవి?" అనేవారు. ఏ చెయ్యి ముందు కొట్టుకుందో రాయలేదని ఒకసారి పుస్తకం తిప్పి పంపారు. నా లెక్కలో తప్పు పట్టిన మనిషి ఆయనొక్కరే. ఏడాదిగా పిల్ల పడిపోలేదంటే ఆయన చలవే.

పక్షవాతం వచ్చి తగ్గాక ఆయనకూ ఫిట్స్ వస్తే డాక్టరు మాత్రలు రాశారు. మత్తుగా ఉండి పుస్తకం చదవలేకపోతున్నానని రెండు వారాల కింద మానేశారట. వాళ్లావిడ ఇప్పుడు చెబుతోంది. అడిగితే "మంచిగనే ఉన్న గద, ఏం ఫికర్" అన్నారట. పిల్ల ఒక పూట మాత్ర మరిస్తే నన్ను దోషిలా నిలబెట్టిన మనిషి! ఇది చదివేవారిలో ఎవరికైనా అలా మాత్ర మానే ఆలోచన ఉంటే ముందు డాక్టరుకు చెప్పండి.

మంగళవారం గేటు దగ్గర పాల ప్యాకెట్ అందుకుంటూ పడిపోయారు. ముందు చేరింది నేనే. సెకండ్లతో సహా రాసే నేను టైము చూడలేదు. పక్కకు తిప్పానా? తిప్పాననే అనుకుంటున్నాను. ఆటో ఎక్కించినా కొట్టుకోవడం ఆగలేదు.

దవాఖానలో సిస్టర్ ఆయన గుప్పిట విప్పింది.

"ఈ తాళాలెవరియమ్మా?"

నావే. ఎప్పుడు పెట్టానో తెలియదు.

ఇంటికొచ్చి ఆ తాళంతోనే తలుపు తీశాను.