జయశీల టీచరమ్మ వేసిన రిట్టు

నేను ఎం.ఏ. తెలుగు చదవగలిగానంటే అది జయశీల టీచరమ్మ పెట్టిన భిక్ష. కర్ణాటకలో బళ్లారి జిల్లా చోరనూరులోని మా మిషన్ తెలుగు బడికి ఆమె హెడ్‌మిస్ట్రెస్. గనుల్లో పనికని అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీల పిల్లలమే అక్కడ ఎక్కువ.

2008లో నేను పదో తరగతిలో ఉండగా బడి గుర్తింపు గడువు తీరిపోయింది. అది మళ్లీ రాకపోతే మా పదకొండుమందికి పబ్లిక్ పరీక్ష హాల్‌టికెట్లు రావు. పరీక్ష తప్పితే అమ్మతో పాటు ఇనుపరాయి కొట్టే పనికి రమ్మని ఇంట్లో ముందే చెప్పేశారు.

టీచరమ్మ జూన్‌లోనే దరఖాస్తు ఇచ్చారు. తర్వాత ప్రతి మంగళవారం, ఖనిజం లారీల వెనక ఆగి ఆగి నడిచే బస్సులో బళ్లారి విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లేవారు. గుమస్తా కెంచప్ప ఆమెను గేటు దగ్గరే గుర్తుపట్టేవాడు.

“వచ్చినారా టీచరమ్మా! సాహెబ్రు మీటింగ్‌లో ఉండారు. వచ్చే వారం బన్ని, రండి.”

“పోయిన వారం కూడా మీటింగే అంటివి కదప్పా?”

“అదే మీటింగు. ఇంకా ముగియలే.”

నవంబరు వచ్చేసరికి ఆమె బళ్లారి గాంధీనగర్‌లోని లాయరు వరప్రసాద్ దగ్గరికి వెళ్లారు. “దరఖాస్తు ఇచ్చినట్టు సీలు వేయించుకున్నారా?” అన్నది ఆయన మొదటి ప్రశ్న.

టీచరమ్మ తెల్లబోయారు. “చేత్తో తీసుకొని, చూస్తామమ్మా అన్నారప్పా. మళ్లా రసీదు అడిగితే, మీ మాట నమ్మలేదని మొహాన చెప్పినట్టు కాదా?”

“మీ మిషన్ వాళ్లతో ఇదే తంటా! కోర్టు మీ మర్యాద చూడదు టీచరమ్మా, సీలు చూస్తాది.”

మిషన్ హాస్టల్లో పెరిగిన ఆమెకు ఎదుటివారి మాటకు రుజువు అడగడం చేతకాదు. అందుకే ఐదు నెలల తిరుగుడుకు ఒక్క కాగితమూ మిగల్లేదు. లాయరు కొత్త దరఖాస్తు రాయించి రిజిస్టర్ పోస్టులో పంపించారు. అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది. మూడు వారాలు చూసినా జవాబు లేదు. అప్పుడు ధారవాడ హైకోర్టు బెంచిలో రిట్టు వేశారు.

జనవరిలో తీర్పు వచ్చింది: మూడు వారాల్లో ఆఫీసు ఏదో ఒకటి తేల్చాలి.

“గుర్తింపు ఇయ్యమని చెప్పలేదేందప్పా?” అన్నారు టీచరమ్మ దిగులుగా.

“ఇచ్చేదీ మానేదీ ఆఫీసు పని. తేల్చమనేదే కోర్టు పని. లేదని రాసిచ్చినా దాని మీద మళ్లా కొట్లాడొచ్చు. ఉలకకుండా కూచుంటే మనం దేని మీద కొట్లాడేది?”

ఆ రోజుల్లో బడి ప్రార్థనలో టీచరమ్మ ఆ అధికారిని కూడా కలుపుకునేవారు. “ఆయనకు కొంచెం తీరిక దయచేయి ప్రభువా” అంటుంటే మేం నవ్వు ఆపుకోలేకపోయేవాళ్లం. పద్దెనిమిదో రోజున ఇన్‌స్పెక్టర్ వచ్చి గదులు, రిజిస్టర్లు చూసి వెళ్లాడు. ఇరవయ్యో రోజున గుర్తింపు ఉత్తర్వు వచ్చింది.

మార్చిలో హాల్‌టికెట్లు పంచుతూ, “లోపల కూచొని రాసేది మీరే. దానికి నేను రిట్టు వేయలేను” అన్నారామె.

తొమ్మిదిమందిమి పాసయ్యాం. జూన్‌లో అమ్మ ఒక్కతే రాయి కొట్టడానికి వెళ్లింది. నన్ను సండూరు కాలేజీలో చేర్చడానికి టీచరమ్మ వచ్చారు.