క్వారీ మిట్ట మీద ఆగిన స్కూటర్

కొత్త బండికి ఒక వాసన ఉంటుంది. సీటు ఫోము, ఎండకు వేడెక్కిన ప్లాస్టిక్, మొదటిసారి పోయించిన పెట్రోలు, అన్నీ కలిసి సూర్యాపేటలో మేము కిరాయికుంటున్న ఇంటి వరండాలో తిరుగుతున్నాయి. బడిలో నాతో పనిచేసే లెక్కల సారు నిన్న వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మేడం, స్కూటర్‌కు గింత ఇంజనెందుకు? గీ పైసలకు మంచి మోటార్‌సైకిలే వచ్చేది గద" అన్నాడు. ఆయన వెళ్లాక కూడా ఆ పెట్రోలు వాసన నన్ను వదల్లేదు. చిలుకూరు దగ్గరి మా పల్లెకు, రేకుల షెడ్డులో నడిచే మా క్రైస్తవ సంఘానికి, నాన్న మోటార్‌సైకిల్ ట్యాంకు మీదికి నన్ను తీసుకుపోయింది.

నాన్న తాపీ మేస్త్రి. మిర్యాలగూడ రైసుమిల్లుల గోడలు కట్టిన రోజుల్లో ఆయన బట్టలకు ఉప్పుడు వడ్ల వాసన, కోదాడలో ఇళ్లు కట్టిన రోజుల్లో తడి సిమెంటు వాసన వచ్చేవి. ఆదివారం మాత్రం తెల్ల చొక్కా వేసుకుని, కొబ్బరినూనెతో తల దువ్వుకుని, సంఘపెద్దగా షెడ్డులో ముందు వరుసలో కూర్చునేవాడు. షెడ్డుకు పోయే ఆ ప్రయాణంలో నా చోటు ట్యాంకు మీద. ఎండాకాలం ఆ ఇనుము తొడలను కాల్చేది, కదిలితే నాన్న మోచేయి డొక్కలో పడేది. వానాకాలం ముందు చక్రం ఎగజిమ్మిన బురద నా గౌను మీదే పడేది. డిసెంబరులో హ్యాండిల్‌కు కాగితపు క్రిస్మస్ నక్షత్రం వేలాడేది. వెనక అమ్మ అరిసెల డబ్బా ఒకటి, సకినాల డబ్బా ఒకటి ఒడిలో పెట్టుకుని, ఒకవైపుకు కాళ్లు వేసి, రెండు వేళ్లతో కడ్డీని పట్టుకుని కూర్చునేది.

అలా కూర్చోవడానికి ముందు ఆమె పరుగెత్తాల్సి వచ్చేది. అమ్మ దగ్గరికి రాగానే నాన్న బండిని కొంచెం ముందుకు పోనిచ్చేవాడు. ఆమె పరుగెత్తి అందుకోబోతే మళ్లీ పోనిచ్చేవాడు. చెప్పు జారేది, కొంగు జారేది, డబ్బాలో సకినాలు గలగలలాడేవి. వాకిళ్లలో పళ్లు తోముకుంటున్న మగవాళ్లు చూస్తూ నిలబడేవారు.

"ఉరుకు మార్తా, ఉరుకు. ప్రభువు రాకడనాడు గిట్లనే ఎనకబడ్తవ్" అనేవాడు నాన్న.

సంఘంలోని విశ్వాసులు కూడా ఆ మాటకు నవ్వేవారు. ప్రభువు మేఘాల మీద తిరిగి వచ్చే ఆ రాకడను నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను, కానీ దాన్ని తలుచుకున్నప్పుడల్లా ముందు నాకు కనిపించేది మేఘాలు కాదు, మా వీధిలో చెప్పు చేతబట్టుకుని ఉరుకుతున్న అమ్మ.

అమ్మమ్మ మఠంపల్లిలో ఒంటరిగా ఉండేది. క్వారీల సున్నపురాయి దుమ్ము ఆమె ఇంటి కప్పు మీద, తులసాకు మీద, చివరికి ఊపిరితిత్తుల్లో కూడా పేరుకుంది. చలి మొదలైతే ఆయాసం ఎక్కువయ్యేది. పల్లె నుంచి అక్కడికి నేరుగా బస్సు లేదు, ఆటో నిండితేనే కదిలేది. "ఒక్కసారి తీస్కపో, మందులిచ్చి వద్దాం" అని అమ్మ అడిగేది. "పని ఖతం కానీ, సూద్దాం" అని నాన్న పక్కకు తిరిగి పడుకునేవాడు. బండి వాకిట్లో ఉండగానే ఒక చలికాలమంతా అలా గడిచింది.

ఒకనాడు నాన్న కాంట్రాక్టరు జీపులో పనికి వెళ్లాడు. అమ్మ చీర కింద ఆయన ప్యాంటు తొడుక్కుని, చీరను మోకాళ్ల దాకా ఎగదోపి, నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టి కిక్కు కొట్టింది. పెళ్లికి ముందు తమ్ముడి బండి మీద చేనులో నేర్చుకుందట. మఠంపల్లిలో అమ్మమ్మకు మందులు వేసి, జొన్నరొట్టె నలిపి తినిపించి, పొద్దు వాలకముందే తిరిగొచ్చాం. మేం వచ్చేసరికే ఊరంతా సంగతి చెప్పడానికి నాన్న కోసం ఎదురుచూస్తోంది.

ఆయన కొట్టలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెను సంఘం ముందు నిలబెట్టాడు. స్త్రీ పురుష వేషం వేయకూడదని బైబిలు ధర్మశాస్త్రంలో ఉంది. దాని ప్రకారం అమ్మను ప్రభువు బల్లకు దూరం పెట్టాలని అడిగాడు. ఆ బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోనివ్వకపోవడం మాలాంటివారికి ఊరి వెలి కంటే పెద్ద శిక్ష. సంఘంలో అందరికన్నా పెద్దవాడు దావీదు తాత. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఒప్పుకో బిడ్డా, అయిపోతది."

"ప్యాంటు తప్పా తాతా, బండి తప్పా?"

"బండి గురించి లేఖనంల యాడుంటది? ప్యాంటే తప్పు."

"అయితే ప్యాంటు తప్పే. ఒప్పుకుంటున్న" అని అమ్మ మోకరించింది.

తర్వాతి ఆదివారం ఆమె స్కూటర్ మీద ఆరాధనకు వచ్చింది. పక్క ఊరి నర్సు బదిలీ అయిపోతూ అమ్మకు వదిలేసిన పాత బండి అది. కాలు ఎగరేసి ఎక్కాల్సిన పని లేదు, చీర కదలకుండా మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చోవచ్చు, కాళ్ల దగ్గర బియ్యం సంచీ పెట్టుకోవచ్చు. ప్యాంటు అక్కర్లేదు, నాన్న అక్కర్లేదు. నాన్న ఆ రోజు పాట కూడా పాడలేదు.

ఆ స్కూటర్‌కు ఒకటే లోపం, బలం లేదు. మాఘమాసంలో అమ్మమ్మకు ఊపిరి అందక పెదవులు నల్లబడ్డాయని కబురొస్తే ఇద్దరం వెళ్లాం. ఆమెను వెనక కూర్చోబెట్టి, పడిపోకుండా తువ్వాలతో తన నడుముకు బిగించి కట్టుకుని, నన్ను ముందు నిలబెట్టుకుని అమ్మ దవాఖానకు బయలుదేరింది. క్వారీ దగ్గర మిట్ట సగం ఎక్కాక బండి అరిచి, వణికి, ఆగింది. నేను దిగి తోశాను. జారి వెనక్కే వచ్చింది. రాళ్ల లారీలు మా మీద దుమ్ము పోసి వెళ్లిపోయాయి. నాన్న ఆ రోజు బండితో కోదాడలోనే ఉన్నాడు. అమ్మ ఫోన్ చేసి రమ్మంటే ఆయన మాట నాక్కూడా వినబడింది.

"మగోని బండి అక్కర్లేదన్నవ్ గద. ఆడోళ్ల బండి మీదనే తీస్కపో."

అమ్మ రెండు కాళ్లూ నేలకానించి, స్కూటర్‌ను పట్టుకుని అలాగే నిలబడింది. ఇటుకల ట్రాక్టరొకటి ఆగేసరికి అమ్మమ్మ తల అమ్మ వీపు మీద వాలిపోయి ఉంది. ముడి బిగిసిపోయింది. ట్రాక్టరు డ్రైవరు తువ్వాల కోశాకే ఇద్దరూ వేరయ్యారు.

అమ్మమ్మ సమాధి దగ్గరికి నాన్న వచ్చాడు, ప్రార్థన కూడా చేశాడు. ఇప్పుడు ఆయన మోకాళ్లు వంగవు. ఆ మోటార్‌సైకిల్ పాత సామాన్లవాడికి తూకానికి పోయింది. షెడ్డు ఉన్నచోట మూడంతస్తుల మందిరం లేచింది. దావీదు తాత లేడు. నాన్న కోసం నేను రోజూ ప్రార్థిస్తాను, క్షమించమని ఆజ్ఞ ఉంది కాబట్టి.

ఈ బండి కొనేముందు షోరూం అబ్బాయిని ఒకటే అడిగాను, అమ్మతో కలిసి నా దారిన తిప్పి చూస్తానని. వెనక అమ్మను, కాళ్ల దగ్గర బియ్యం సంచీని పెట్టుకుని మఠంపల్లి దారి పట్టాను. క్వారీ పక్కగా పోతుంటే ఆమె వేళ్లు నా నడుమును గట్టిగా పట్టుకున్నాయి, ఒళ్లంతా ముందుకు వంచింది.

"జోరు పెంచు బిడ్డా. మిట్ట వస్తది."

"దాటినం అమ్మా. రోడ్డు ఎడల్పు చేసినప్పుడు తవ్వి చదును చేసిండ్రు."

ఎత్తులన్నీ అణగిపోయే దినాన్ని గురించి బైబిల్లో ప్రవక్త చెప్పిన మాటను మేం ప్రతి క్రిస్మస్‌కు ముందు చదువుకుంటాం. అమ్మ తల వెనక్కి తిప్పి ఆ సమానపు నేలను చాలాసేపు చూసింది, కానీ ముందుకు వంచిన ఒళ్లు మాత్రం నిటారు కాలేదు. ఎత్తు తగలని బండి శబ్దంలో ఏ మార్పూ లేదు.