నీళ్లు యాడ ఉండాయప్పా?

మా సార్ పోయారన్న కబురు నాకు స్టూడియోలోనే తెలిసింది. కదిరి కాలేజీ పిల్లలకు ఆన్‌లైన్ పాఠం మొదలుపెట్టబోతుంటే ఆపరేటర్ హెడ్‌ఫోన్ తీసి, "మేడమ్, పెద్దసార్ పొద్దున పోయినారంట" అన్నాడు. అప్పుడు నేను ఆయన కుర్చీలోనే కూర్చుని ఉన్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాలంటే ముందు ఆ కుర్చీ సంగతి చెప్పాలి.

మా యూనివర్సిటీ భూగర్భ శాస్త్ర విభాగంలో ఆయన సీనియర్ ప్రొఫెసర్. తొంభైల చివర్లో నేను ఆయన కింద లెక్చరర్‌గా చేరాను. ఏ ఏడాదైనా ఆయన మొదటి పాఠం ఒకే మాటతో మొదలయ్యేది. హాజరు లేదు, బోర్డు మీద రాత లేదు. రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, "నీళ్లు యాడ ఉండాయప్పా?" అని అడిగి ఊరుకునేవారు. ఎవరో ఒకరు నోరు విప్పేదాకా కదిలేవారు కాదు. చివరికి ఏ మూలనుంచో "మా మామ బోరేస్తే దుమ్ము లేసింది సార్" అని వినిపించేది. ఆ దుమ్ములోంచే రాళ్ల గురించీ, రాళ్లలో పగుళ్ల గురించీ ఆయన పాఠం నడిచేది. "బదులు రాకముందే చెప్పేసేది మా గుంతకల్లు టేసన్లో మైకు పనమ్మా, మన పని కాదు" అనేవారు నాతో. రైల్వే ఉద్యోగి కొడుకు కదా, ఆ మైకంటే చిన్నప్పటినుంచీ ఆయనకు గిట్టదు.

అలాంటి మనిషి మైకు ముందు కూర్చోవలసి వచ్చింది. కదిరి కాలేజీలో మా సబ్జెక్టుకు లెక్చరర్ లేరు. మా స్టూడియో నుంచి ఆన్‌లైన్‌లో చెప్పాలి, లేదంటే ఆ గ్రూపు ఎత్తేయాలి. అక్కడ చదివేది మెట్టసేద్యం చేసుకునేవాళ్ల పిల్లలు. ఊరు దాటించి చదివించే స్తోమత చాలామందికి లేదు. ఈ సంగతి మాకందరికీ తెలుసు, అయినా ఒకాయనకు మెడ నొప్పి వచ్చింది, ఇంకొకాయనకు తిరగకుండా నిలబడితే మాట రాదట. నేను తల వంచుకుని కూర్చున్నాను. సార్ మాత్రం "మన పిల్లోల్లే కదప్పా" అని ఒప్పుకున్నారు.

స్టూడియోవాళ్లు గళ్ల చొక్కా వద్దన్నారు, కెమెరాలో చూస్తే కళ్లు తిరుగుతాయట. అటూ ఇటూ నడవొద్దన్నారు. భాష కాస్త శుద్ధంగా ఉంటే బాగుంటుందన్నారు. పిల్లలకు మేం తెర మీద కనిపిస్తాం గాని, మాకు వాళ్ల గొంతు వినబడటమే, మనుషులు కనబడరు. మొదటిరోజు ఆయన తెల్లచొక్కా తొడుక్కుని, చెమటలు తుడుచుకుంటూ, "భూగర్భ జలం ఎక్కడ లభిస్తుంది?" అని అడిగి అలవాటుగా అరచేతులు బల్లకు ఆనించారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆపరేటర్ వైర్లు పీకి మళ్లీ గుచ్చాడు. సార్ అలాగే చూస్తూ ఉన్నారు. చివరికి కదిరి అటెండర్ ఫోన్ చేశాడు. "లైను పోయిందా సార్? పిల్లోల్లు లేసి పోతాండారు."

బయటికొచ్చి కొళాయి దగ్గర మొహం కడుక్కుంటూ, "ఇన్నేండ్ల సర్వీసులో ఈ పొద్దు గోడకు పాఠం చెప్పినానమ్మా. ఇంక నా వల్ల కాదు" అన్నారు. నాకు భయమేసింది. ఆయనే వెనక్కి తగ్గితే మాలో ఎవరూ ఆ కుర్చీలో కూర్చోరు, కదిరిలో ఆ గ్రూపు ఉండదు.

మళ్లీ పాఠం రోజు వచ్చేసరికి, "నువ్వు ఈడ కూర్చో. నేను ఆడికి పోయి పిల్లోల్ల మద్దెలో కూర్చుంటా" అని బస్సెక్కేశారు. నేను పాఠం చెప్పాను, మధ్యలో ఒక ప్రశ్న అడిగి ఆయనలాగే ఆగాను. మళ్లీ అదే నిశ్శబ్దం. ఇక లాభం లేదనుకుంటుండగా స్పీకర్లోంచి సార్ గొంతు ఖంగుమంది. "ఏమ్మా, వీళ్లు బదులు చెప్తానే ఉండారు. నీకు ఇనపళ్లేదా?"

జరిగింది ఇదీ. కదిరి హాల్లో మైకుకు ఒక బటన్ ఉంది. దాన్ని ఒత్తి పట్టుకుంటేనే అక్కడి మాట ఇక్కడికి వస్తుంది. పిల్లలేమో తెర మీద సార్ కనిపిస్తున్నారు కదా అని, ఎదురుగా ఉన్న మనిషికి చెప్పినట్టే లేచి నిలబడి జవాబు చెప్పారు. సార్‌కు జవాబు చెప్పడానికి బటన్ ఎందుకు? మొదటిరోజూ అంతే. ఎంత చెప్పినా ఆయన అవుననలేదు, కాదనలేదు, దాంతో లైను పోయిందనుకుని వెళ్లిపోయారు. ఇది చెబుతూ సార్ స్పీకర్లో పొలమారేదాకా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాతి పాఠానికి ఆయన గళ్ల చొక్కాలోనే వచ్చారు. "నీళ్లు యాడ ఉండాయప్పా? బటను ఒత్తి చెప్పండి. నాకేం తొందర లేదు" అన్నారు. చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆపరేటర్ వైరు మీద చెయ్యి వేయబోతే సార్ వద్దని సైగ చేశారు. అప్పుడు గరగరమని ఒక అమ్మాయి గొంతు వచ్చింది. "మా చేన్లో యాడా లేవు సార్. మూడు బోర్లు ఏసినా పడలే."

సార్ కెమెరా మీదికి వంగి, "అది చెప్పు తల్లీ. యాడేసినారు? ఎవురు చెప్తే ఏసినారు?" అన్నారు. పాఠం మొదలైంది. శుద్ధమైన భాష ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆయన పక్కన కూర్చున్నందుకు ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

గ్రూపు నిలిచింది. మెడ నొప్పి ఆయనతో సహా మేమందరం ఒక్కొక్కరుగా ఆ కుర్చీలో కూర్చున్నాం. సార్ మాకు కెమెరా గురించి ఏమీ చెప్పలేదు. "పిల్లోల్లు బటను కాడికి రావల్ల కదా, అంతసేపు కాచుకోండి" అన్నారు, అంతే. రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడూ స్టూడియోకు వచ్చి వెనక కుర్చీలో కూర్చుని వినేవారు. నేను తొందరపడి జవాబు చెప్పేస్తే, "గుంతకల్లు బండి వచ్చేసిండాది" అని వెక్కిరించేవారు.

మూడు బోర్లన్న ఆ అమ్మాయి పీజీ చేసింది. ఇప్పుడు అదే కాలేజీలో ప్రాక్టికల్స్ చేయిస్తూ, మా పాఠాలప్పుడు మైకు తనే చూసుకుంటోంది.

కబురు తెలిసిన ఆ రోజు నేను పాఠం చెప్పలేదు. కెమెరా వైపు చూసి, "పెద్దసార్ ఇక లేరు" అన్నాను. అవతల బెంచీలు జరిగిన చప్పుడైంది. అందరూ లేచి నిలబడినట్టున్నారు. ఎవరూ మాట్లాడలేదు గాని కదిరి హాల్లో తిరుగుతున్న ఫ్యాను కిర్రుమనడం, రోడ్డు మీద బస్సు హారన్, ఎవరో ముక్కు ఎగబీల్చడం అన్నీ మాకు వినిపిస్తూనే ఉన్నాయి. ఇక్కడ ఆపరేటర్ వైరు ముట్టుకోలేదు. అక్కడ ఆ అమ్మాయి బటన్ మీంచి వేలు తీయలేదు.