ఇల్లటం అల్లుడి ఫుట్‌బాల్ ఆట

మునిరామయ్య తన అల్లుడు ధనంజయను మధ్యాహ్నాలు మేడమీద గదిలో పెట్టి తాళం వేస్తున్నాడని మా వీధిలో ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో నాకు తెలుసు, పేరు చెప్పను. తాళం ఉన్న మాట నిజమే. మెట్ల పైన ఇనుప కమ్మీల గేటుకు బయటి వైపు వేలాడుతూ ఉంటుంది, వీధిలో పోయే వాళ్లందరికీ కనిపిస్తుంది. అయితే అది అల్లుడి కోసం కాదు, కోతుల కోసం. కొండ దిగి వచ్చిన కోతులు ఒకసారి ఆ మేడమీద ఎండబెట్టిన వడియాలు తిన్నన్ని తిని, మిగిలినవి నీళ్ల తొట్టిలో వేసి పోయాయి. అప్పటినుంచీ ఆ తాళం. తాళంచెవి ధనంజయ జేబులోనే ఉంటుంది. లోపలికి పోయి, కమ్మీల మధ్య నుంచి చెయ్యి బయటికి పెట్టి తానే వేసుకుంటాడు. కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఆ గదిలోంచి వందలమంది అరుపులు వినిపిస్తాయన్నదీ నిజమే. ఆ సంగతికీ వస్తాను.

ధనంజయది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఎడమవైపు ఆడేవాడు. ఎడమకాలితో తంతే బంతి గాలిలో వంకర తిరిగి గోల్‌లో పడేదని అతని స్నేహితుడు యోగానంద ఇప్పటికీ చెయ్యి తిప్పి చూపిస్తాడు. మునిరామయ్యకు లోకేశ్వరి ఒక్కతే కూతురు. మగపిల్లలు లేని ఇంటికి ఇల్లటం అల్లుణ్ణి తెచ్చుకోవడం మా వైపు ఎప్పటినుంచో ఉన్నదే. పిల్లను పంపరు, పిల్లవాణ్ణే తెచ్చుకుని ఇల్లూ అంగడీ చేతిలో పెడతారు. అట్లా వచ్చిన అల్లుడితో అత్తమామలు ఆచితూచి మాట్లాడతారు. ఎక్కడికైనా పోతావా అని ఊరికే అడిగినా, వెళ్లగొడుతున్నారని అర్థం వస్తుంది. అల్లుడు తన ఊరికి పోయి నాలుగు దినాలు ఎక్కువ ఉంటే చాలు, అలిగి పోయాడని వీధి అనుకుంటుంది.

అట్లా ధనంజయ బస్టాండు దగ్గర మామగారి స్టీలు సామాన్ల అంగడిలో కూర్చున్నాడు. పైన వేలాడే బిందెలు, ఇటు గిన్నెల దొంతులు, అటు ఇడ్లీ పాత్రలు. కాళ్లు చాపుకోవడానికి కూడా చోటు లేదు. పెళ్లినాడు సన్నగా, చెయ్యి పట్టుకుంటే జారిపోయేటట్టు ఉన్న పిల్లవాడికి చూస్తుండగానే పొట్ట వచ్చింది, గడ్డం కింద ఇంకో గడ్డం వచ్చింది.

రెండువేల తొమ్మిది వేసవిలో యోగానంద పలమనేరు నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. అక్కడ ఒక ప్రైవేటు బడిలో అతను డ్రిల్లు మాస్టరు. నేను మా రెండిళ్ల మధ్య గోడ పక్కన కరివేపాకు కోస్తున్నాను. ఎంతసేపు కోశానంటే, చెట్టుకు రెమ్మలు మిగల్లేదు.

"జూన్లో బడి తెరిసేలోగా సెప్పాల్రా," అన్నాడు యోగానంద. "ఫుట్‌బాల్ కోచి కావాలంటా ఉండారు. నీ పేరే సెప్పినా. నువ్వు రానంటే మద్రాసు నుంచి ఎవురినో పిలిపిస్తారు."

"సూస్తాంలేబ్బా."

"ఏంది సూసేది? నిన్ను సూడు, అంగట్లో గంగాళం మాదిరి అయిపోతాండావు!"

ధనంజయ నవ్వి పొట్ట నిమురుకున్నాడు. ఆ పొద్దు నుంచే వీధిలో మాట మొదలైంది, అల్లుడు పలమనేరు పారిపోకుండా మామ తాళం వేస్తున్నాడని. వినీ వినీ నాకు నిద్ర పట్టలేదు. మజ్జిగ చెంబు పట్టుకుని ఒక మధ్యాహ్నం వాళ్లింటికి పోయాను. లోకేశ్వరి నన్ను చూసి తలకొట్టుకుంది.

"పో పెద్దమ్మా, పైకి పో. దేశంగాని దేశపోళ్లను తిడతా ఉండాడు నీ అల్లుడు. ఆ బొమ్మలకు తెలుగొచ్చుంటే ఎప్పుడో వచ్చి తన్నుండేవి."

పైన కంప్యూటర్లో ఫుట్‌బాల్ ఆట. జనం అరుపులన్నీ అందులోవే. యోగానందే ఆ సీడీ తెచ్చి ఇచ్చాడట. నేను మంచం మీద కూర్చున్నాను.

"ఇందులో నువ్వెవరు నాయనా?"

"అద్దో, ఆ బెంచీ మీద కూర్చోనుండానే, వాడే అత్తా."

తెరమీద పచ్చటి మైదానం అవతల ఒక బొమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఈ ఆటలో జట్టంతా మన చేతిలో ఉండదట, ఒక్క మనిషే మనం. పేరు ధనంజయ అనే పెట్టాడు, ఎడమకాలి ఆటగాడు. ఆ కంప్యూటరు కోచి పిలిస్తేనే లోపలికి పోవాలి.

"పిలవకపోతే?"

"ఆట అయిపోయేదాకా సూస్తా ఉండాల. దాటేసేదానికి మీట ఉండాది, నేను నొక్కను. నిజం ఆటలో దాటేసేదానికి అవుతాదా?"

అంగడిలో కూర్చుని అలసిపోయిన మనిషి, తలుపు వేసుకుని వచ్చి ఇంకొకడు కూర్చుని ఉండటం చూస్తున్నాడు. నాకు నవ్వు రాలేదు.

కడకు కోచి పిలిచాడు. ధనంజయ నిటారుగా కూర్చున్నాడు. ముఖమే మారిపోయింది. వాన పడిన గడ్డి మీద బంతి ఎట్లా ఆగిపోతుందో, ఒక్కొక్క ఆటగాడి నడక ఎట్లా వేరుగా ఉంటుందో, పరుగెత్తి పరుగెత్తి ఎట్లా డస్సిపోతాడో, అన్నీ చూపించాడు. మునుపటి కంప్యూటర్ ఆటల్లో మీట నొక్కితే గోలు పడేదట. ఇందులో అట్లా కాదు, ఒళ్లు బరువు తెలుస్తుందట. అంతలోనే తిట్లు. మనిషి పక్కకు తిరగమంటే సందులో బస్సు తిరిగినట్టు తిరుగుతాడు. సొంత జట్టువాళ్లు బంతి ఇవ్వరు.

"ఈడ ఖాళీగా నిలబడుండాను కదరా! ఇయ్యరా! ఎవురికిస్తావు వానికి, వాడేమన్నా మీ మామనా!"

ఒక్కసారి బంతి కాలి దగ్గరికి వచ్చింది. ఎడమకాలితో తన్నాడు. అది నిజంగానే వంకర తిరిగింది. నేనూ మంచం మీద నుంచి లేచాను. గోలు స్తంభానికి తగిలిందో, లోపలే పడిందో, అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. గది కుంపటిలా అయింది.

"పాయె. మళ్లా మొదట్నించి బెంచీ," అన్నాడు.

ఆ చీకటి తెర ముందే అడిగాను. "పలమనేరు మాట ఏమైంది?"

"మామ ఒప్పుకోడులే అత్తా."

"అడిగినావా?"

"ఇల్లటం వచ్చినోడు ఎట్ల అడుగుతాడు? అంగడి వదిలి పోతాడంట అని ఆయప్ప మనసు కష్టపెట్టుకోడా?"

మరునాడు టీ వడపోసే జాలీ కావాలని మునిరామయ్య అంగడికి పోయాను. ఇంట్లో నాకు రెండు ఉన్నాయి. అల్లుణ్ణి ఎందుకు ఆపుతున్నావని సూటిగానే అడిగాను. ఆయన చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది.

"నేనా ఆపేది, దేవకమ్మక్కా? యోగానంద వచ్చినప్పుట్నించి ఆ పిల్లోడు నోరు తెరుస్తాడని కాసుకోనుండా. నేనుగా పోతావా నాయనా అంటే, పొమ్మన్నట్టు కాదా? ఒక్క మాట అననీ, పలమనేర్లో ఇల్లు నేనే సూసిస్తా. అమ్మిని గూడా తోడుకోని పోనీ. అంగట్లోకి మనిషి దొరకడా యేంది?"

ఒకరి మనసు నొస్తుందని ఇంకొకరు, ఇద్దరూ ఒకే అంగట్లో ఎదురెదురుగా కూర్చుని నోళ్లు కట్టేసుకున్నారు. జాలీ కొనకుండానే పరుగున వచ్చాను. ధనంజయ మేడ గేటుకు అప్పుడే తాళం వేసుకుంటున్నాడు, చెయ్యి ఇంకా కమ్మీల బయటే ఉంది. మామ మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పాను. అతని ముఖం వెలుగుతుందని చూశాను. తాళం పట్టుకున్న చెయ్యి కదల్లేదు.

"ఏంది అట్ల నిలబడుకున్నావు? యోగానందకు ఫోన్ చెయ్యి. నిజం సెప్పు అల్లుడూ, నీకు పోవాలని ఉండాదా లేదా?"

అతను తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. తాళం తీయలేదు.

"ఎందుకు అడిగినావత్తా ఆయన్ని? మామ ఆపినాడనుకోని ఇన్నాళ్లూ నెమ్మదిగా కూర్చోనుంటి. ఆడికి పోతే నిజం బంతి. పిలకాయలు తన్ని సూపించు సార్ అంటారు. ఈ ఒళ్లేసుకోని నేను తంతే అది వంకర తిరగదత్తా. ఇంక నన్ను ఆపినారని యోగానందకు ఎవురి పేరు సెప్పేది?"