తిరిగిచ్చిన జొన్నలు

కంప్యూటర్ ఆటలో నా వయసు ఎనభై దాటింది. నడుం వంగిన ముసలమ్మను. చేతిలో వెదురు కర్ర, చంకలో చేట. ఊరి మొదట్లో ఒక బండ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకు సోది చెబుతుంటాను. బయట మాత్రం నేను డిగ్రీ అయిపోయి, కడపలో అమ్మానాన్నల దగ్గరే ఉంటూ పోటీ పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయిని. మాకు ఇత్తడి సామాన్ల కొట్టు ఉంది. నేనక్కడ కూర్చున్నప్పుడు ఎవరైనా వచ్చి "ఈ చెంబు ఎంతమ్మా?" అని అడిగితే జవాబు చెప్పకుండా నాన్న వైపు చూస్తాను.

మా జేజి, అంటే నాన్న తల్లి, బతికున్న రోజుల్లో నన్ను చూసి విసుక్కునేది. "ఏమ్మే, నోట్లో నీళ్లు పోసుకోని కూచున్నావా? మింగితే మింగు, ఊస్తే ఊయ్." నేను రెండూ చేసేదాన్ని కాదు. లోపలికి పోయి డైరీ రాసుకునేదాన్ని, లేకపోతే లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవల తెరిచేదాన్ని.

ఈ ఆట ఆడనివాళ్లకు కత్తులు, రాక్షసులు మాత్రమే కనబడతాయి. అవి ఉన్న మాట నిజమే. ఏ దేశంలోనో తయారై, నెట్‌లో ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఆడే ఆట. మొదట్లో నేనూ కత్తి పట్టుకుని తిరిగాను. తర్వాత కొండల వెనక, రాక్షసులు కూడా రాని ఒక మూలలో కొందరు తెలుగువాళ్లు ఊరు కట్టుకున్నారని తెలిసింది. అక్కడ ఎవరూ ఎవరినీ చంపరు. ఒకతను పడవ నడుపుతాడు. ఒకరు కమ్మరి పని చేస్తారు. ఒకావిడ సంతలో ఉల్లిపాయలు అమ్ముతుంది. అసలు పేర్లు చెప్పకూడదనేది ఆ ఊరి కట్టుబాటు. చేసే పనిని బట్టే పిలుచుకుంటారు. ఏం మాట్లాడినా వేషంలోనే మాట్లాడాలి. కరెంటు పోయిందనో, అన్నానికి లేస్తున్నామనో చెప్పాల్సి వస్తే ముందు "బయట" అని రాసి, తర్వాత ఆ మాట రాయాలి. అది రాయకపోతే చెప్పిందంతా వేషంలో చెప్పినట్టే.

నేను సోది అవ్వను ఎందుకు ఎంచుకున్నానో నాకు బాగా తెలుసు. మా జేజి చిన్నతనంలో వాళ్ల ఊరికి ఒకామె సోది చెప్పడానికి వచ్చేదట. ఆమె గొంతును, ఆ సాగదీతను, మధ్యలో ఆగి కళ్లు మూసుకోవడాన్ని జేజి అచ్చు దింపేది. నేను వినీ వినీ నేర్చుకున్నాను. కాబట్టి అవ్వ మాటలు ఆ సోదామెవి, జేజివి. నావి వేళ్లు మాత్రమే.

"అవ్వా, నా పడవ యాడ పోయిందో చెప్పవ్వా" అని పడవతను వచ్చేవాడు.

"ముందు గింజలు పొయ్యి."

సోదికి గింజలు పోయడం ఆనవాయితీ కదా. ఆటలో ధాన్యం మూట అని ఒక వస్తువు ఉంది. మా ఊళ్లో దాన్ని జొన్నలు అనేవాళ్లం. పోసేవాడు.

"నీ పడవ నీళ్లల్లోనే ఉండాది. నువ్వే గట్టున ఉండావు, మొద్దు మొగమోడా."

అందరూ నవ్వేవాళ్లు. నేను ఇక్కడ కుర్చీలో ఒంటరిగా, చప్పుడు లేకుండా నవ్వుకునేదాన్ని.

కొన్నాళ్లకు అవ్వకు అభిమానులు తయారయ్యారు. ఇలాంటి గుంపుల్లో అదొక వింత. మనం ఒక చిన్న బొమ్మ చేసి వదిలేస్తే వాళ్లు దానికి ఒళ్లూ ఎముకలూ తొడుగుతారు. అవ్వ మాటలన్నీ ఏరి ఒకచోట పేర్చారు. అవ్వకు పిల్లలు ఉన్నారా లేరా అని రెండు జట్లుగా విడిపోయి వాదించుకున్నారు. "నువ్వు చెప్పు" అని నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు, నాకు తెలియదు. ఒకరు అవ్వ బొమ్మ గీసి పెట్టారు. బొమ్మలో అవ్వ కుడి చెవి తమ్మె తెగి రెండుగా వేలాడుతోంది. మా జేజి చెవి అలాగే ఉండేది. నేను ఎక్కడా రాయలేదు. బరువు కమ్మలు పెట్టుకున్న ముసలమ్మలు చాలామందికి చెవులు అలాగే తెగుతాయని, గీసినవాళ్లకూ ఒక జేజి ఉండే ఉంటుందని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. రాశాక కూడా బొమ్మ మళ్లీ తెరవలేదు.

నేను ఎక్కువగా మధ్యాహ్నాలే ఆడేదాన్ని. వేసవిలో కడపలో మధ్యాహ్నం ఎలా ఉంటుందంటే, వీధిలో కుక్క కూడా కదలదు. తలుపులు, కిటికీలు మూసి, కూలర్ వేసుకుని అందరూ పడుకుంటారు. మిట్టమధ్యాహ్నం జడ విరబోసుకుని గడప దాటొద్దని జేజి చెప్పేది. రాత్రి తిరిగేవాటికంటే మధ్యాహ్నం తిరిగేవి మొండివట.

అలాంటి ఒక మధ్యాహ్నం కమ్మరి వచ్చాడు. ఆటలో గడ్డం, భుజాన సమ్మెట. ఎప్పుడూ పెద్దగా మాట్లాడడు. చేటలో జొన్నలు పోసి, "మా నాయన ఇల్లిడిసి పోయినాడు. యాడుండాడో చెప్పవ్వా" అన్నాడు. ముందు "బయట" అని లేదు. మంచి కథ మొదలుపెట్టాడని నాకు ఉత్సాహం వచ్చింది. కళ్లు మూసుకుని, జేజి ఆగినట్టు ఆగి, తోచింది రాశాను.

"చెట్టు లేని నేల. తెల్లటి దుమ్ము. మడిసి కనపడతాండాడు, మొగం తిప్పుకోని ఉండాడు. కాళ్లకు చెప్పుల్లేవు."

కమ్మరి కదలకుండా నిలబడ్డాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. అందరూ పోయాక కమ్మరి నుంచి నా ఒక్కదానికే ఒక మాట వచ్చింది: "బయట. మా నాయన చెప్పులు ఇంట్లోనే ఉండాయి."

తర్వాతి మాటలన్నీ బయటివే. కమ్మరి నాకంటే చిన్న అమ్మాయి. మైదుకూరులో అమ్మతో ఉంటుంది. వాళ్ల నాన్న మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి తోలే టిప్పర్ డ్రైవరు. ఒక పొద్దున ఇంటి గేటు దాకా వెళ్లివస్తానన్నట్టు వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఫోన్ మోగదు, శవం దొరకలేదు, చూశామన్నవాళ్లు లేరు. రెండేళ్లు దాటింది.

"నేనేదో ఊహించి రాశాను. నాకేం తెలియదు" అని రాశాను.

"తెలుసక్కా. అమ్మకు చూపిచ్చినా. అమ్మ శానా సేపు చదువుకున్యాది."

రెండు రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి జొన్నలు చేట నిండి కింద పడేంత పోసింది. ప్రశ్న అమ్మదట. పెద్దనాన్న, మేనమామలు ఆదివారం వస్తున్నారు. మనిషి లేడని ఒప్పుకుని దినాలు చేసేద్దాం, ఎటూ తేలకుండా ఎన్నాళ్లని ఉంటాం అంటున్నారు. దినాలు చేస్తే అమ్మ బొట్టు తీసేయాలి, నల్లపూసలు తెంచాలి. "అవ్వను అడుగు, పెట్టుకోవల్లనా తీసేయల్లనా అని. అవ్వ ఎట్ల చెప్తే అట్ల అంటాంది అమ్మ."

ఒక ఆడమనిషి నుదుటి మీది బొట్టు నా వేళ్ల చివర్లలోకి వచ్చి కూర్చుంది. నేను లేచి ముఖం కడుక్కుని వచ్చాను. జవాబు చెప్పే హక్కు నాకు లేదు, అంతవరకు స్పష్టంగా ఉంది. తప్పుకోవడం మర్యాద అనుకున్నాను. కమ్మరి అప్పటిదాకా పోసిన జొన్నలన్నీ కలిపి ఒక్క గింజ కూడా ఉంచుకోకుండా తిరిగి ఇచ్చేశాను. మాట ఏదీ రాయలేదు. కొట్టు నడిపేవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని కదా, తీసుకున్నది ఇచ్చేస్తే లెక్క సరిపోతుందని అనుకున్నాను. ఆట మూసేశాను.

మరుసటి రోజు తెరిస్తే కమ్మరి మాటలు వరసగా ఉన్నాయి.

"అక్కా, గింజలెందుకు తిరిగిచ్చినావు?"

"మా పక్క సోదామె గింజలు తిరిగిచ్చిందంటే సావు కనపడిందని. నోటితో చెప్పలేక ఇచ్చేస్తారు."

"అమ్మ అద్దం ముందర కూచోని ఉండాది. లెయ్యడంల్యా."

నాకు ఆ సంగతి తెలియదు. జేజి గొంతు నేర్పింది, ఆగడం నేర్పింది, ఇది చెప్పలేదు. లేదా ఆమె చెప్పినప్పుడు నేను పుస్తకంలో ఉన్నానేమో. ఏమీ చెప్పకూడదని నేను చేసిన పని, చెప్పగలిగిన వాటన్నిట్లోకీ పెద్ద మాట అయి కూర్చుంది. రేపు ఆదివారం.

ఆ గుంపులో గొంతుతో మాట్లాడుకునే వీలు కూడా ఉంది. నేను ఒక్కసారి కూడా మైకు తెరవలేదు. అవ్వను రాయడం వేరు, పలకడం వేరు. ఆ రోజు మాత్రం కమ్మరికి "మీ అమ్మను ఫోన్ దగ్గరికి పిలువు" అని రాసి, మైకు నొక్కాను.

"అమ్మా," అన్నాను. నా గొంతు పీలగా, బడిపిల్ల గొంతులా ఉంది. "నేను అవ్వను కాదండీ. కడప అమ్మాయిని. ఇది ఆట. నాకేమీ కనపడలేదు. అందుకే ఇచ్చేశాను."

అవతల ఫ్యాను తిరుగుతున్న శబ్దం. తర్వాత ఆమె గొంతు, నిదానంగా, కోపం లేకుండా.

"నిన్ను అడగలేదు తల్లీ. నువ్వు చిన్నపిల్లవు, నీకేం తెలుస్తాది? అవ్వను పలకమను."

"అవ్వ అంటూ ఎవరూ..."

"ఉండాది లే. పక్కకు జరుగు."

ఆ మాట విన్నప్పుడు నేను నిజంగానే కుర్చీలో కొంచెం పక్కకు జరిగాను. ఎందుకు జరిగానో ఇప్పటికీ చెప్పలేను. కూలర్ నీళ్లు అయిపోయి వట్టి గాలి కొడుతోంది. బతికే ఉన్నాడని చెప్పగలను, ఆమె సంతోషపడుతుంది, అది నాకు తెలియని సంగతి. లేడని ముందే చెప్పేశాను, అదీ తెలియకుండానే. కళ్లు మూసుకున్నాను. జేజి ఆగినంతసేపు ఆగాను.

"ఏమ్మే," అన్నాను. గొంతు కింది నుంచి, గరగరగా వచ్చింది. "గింజలు తిరిగిస్తే సోది అయిపోయినట్టేనా? చేట దులుపుకోవల్లని ఇచ్చినా. దాంట్లో మట్టి పడింది. నీ బిడ్డకు చెప్పు, మళ్ల పొయ్యమని."

"పోస్తాది అవ్వా."

"నువ్వడిగింది నా చేట్లోనే ఉండాది. నేనింగా చూడల్ల. చూసేదాకా నీ మొగం ఎట్లుండేదో అట్లే ఉండనీ. ఎవురో వచ్చి తొందర పెడితే చెప్పు, ముసలిది ఇంగా చూస్తాందని."

"అట్లే అవ్వా," అంది ఆమె. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "మొన్నట్నుంచి ఇదే గొంతు గదా. మధ్యలో ఎవురో పిల్ల వచ్చి మాట్లాడితే భయపడినా."

నేను అంతకుముందు మైకు తెరవలేదని చెప్పాను కదా. కూతురు చదివి వినిపించి ఉంటుంది, వేషం కట్టి చదివిందేమో అనుకుంటూ మైకు ఆపి వెనక్కి తిరిగాను. గుమ్మంలో మా అమ్మ నిలబడి ఉంది. నిద్ర మధ్యలో లేచి వచ్చినట్టుంది. నా వైపు చూస్తూ, జారిన కొంగు భుజం మీదికి లాక్కుని, రెండో కొస నడుంలో దోపుకుంది. జేజి ముందుకు వచ్చినప్పుడు తప్ప అమ్మ అలా సర్దుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. "ఎవరితోనే మాట్లాడతాండావు?" అంది. ఫ్రెండుతో అన్నాను. నమ్మినట్టు తల ఊపి, వంటింట్లోకి వెళ్లి దీపం వెలిగించింది. సాయంత్రం కావడానికి ఇంకా చాలా పొద్దు ఉంది.

కమ్మరిని అడిగాను, అవ్వ మాటలు అమ్మకు ఎలా చదివి వినిపించేదానివి అని.

"బయట. నేను చదవల్యా అక్కా. అమ్మకు చదువొచ్చు. తనే చదువుకుంటాది."

ఆదివారం పెద్దవాళ్లు వచ్చారట, భోంచేశారట. ఆమె అందరి ముందూ నుదుటి మీద బొట్టుతో వచ్చి కూర్చుని, "ఇంగా చూడల్లంట" అందట. ఎవరు చూడాలని ఎవరూ అడగలేదట. మా పక్క ఇలాంటివి అడగరు. దినాల మాట ఆగిపోయింది.

అది జరిగి కొన్ని నెలలైంది. ఆయన రాలేదు. గుంపులో ఇప్పుడు జనం పలచబడ్డారు. పడవతనికి ఉద్యోగం వచ్చింది, ఉల్లిపాయలావిడ వేరే ఆటకు వెళ్లిపోయింది. ఇలాంటి ఊళ్లు ఇలాగే పోతాయి. ఎవరూ తలుపు వేసుకుని పోరు. వస్తూ వస్తూ ఉండి ఒక రోజు రారు. ఆటలోని వాళ్ల మనుషులు మాత్రం ఎక్కడ వదిలేస్తే అక్కడే నిలబడి ఉంటారు. నాకూ చదువు ఉంది. ఈ ఆట ఇక చాలనుకుని ఒక మధ్యాహ్నం ఆఖరిసారి అన్నట్టు తెరిచాను. కమ్మరి బండ దగ్గర నిలబడి ఉంది.

"అమ్మ అడగమన్యాది అవ్వా. పొద్దున బొట్టు పెట్టుకుంటా అడిగింది. అవ్వ ఎన్నాళ్లుంటాది అని."

ముందు "బయట" అని లేదు. నేను రాద్దామని మనసులో పెట్టుకున్న మాట వేరే ఉంది. పరీక్షలున్నాయని, మీ అమ్మకు ధైర్యం చెప్పమని, మంచిగా, మర్యాదగా. చేతులు కీబోర్డు మీద పెట్టాను.

"మీ నాయన వచ్చేదాక" అని రాశాను.

అటువైపు నుంచి జొన్నలు వచ్చి చేటలో పడ్డాయి.